నాణెంపై గ్రంథపాతం: శాతవాహన నాణేల గుర్తింపులో పాఠపరిష్కరణ దృష్టి

ఉపోద్ఘాతం

క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి తెలుగు భాషకు లభిస్తున్న లిఖితాధారాలు చాలా తక్కువ. అమరావతి శిలాఫలకంపై వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన 'నాగబు' అనే పదం, హాలుని గాథాసప్తశతిలో పండితులు ఎత్తిచూపిన కొన్ని దేశ్య పదాలు, ప్రాకృత శాసనాల్లో అక్కడక్కడా కనిపించే ఊళ్ళ పేర్లు ఇందులో ముఖ్యమైనవి. వీటి సరసన చేర్చి పరిశీలించవలసిన మరొక ఆధారం శాతవాహన నాణేలపై ఉన్న లేఖలు. రాజుల వరుసను నిర్ణయించడానికి చరిత్రకారులు వీటిని విస్తారంగా ఉపయోగించారు. భాషా సాహిత్య పరిశోధకులు మాత్రం చరిత్రకారులు నిర్ణయించిన పాఠాన్ని స్వీకరించడంతోనే తృప్తిపడ్డారు. ఆ పాఠం ఎలా ఏర్పడింది, ఎన్ని నాణేలను కలిపి చదివితే ఏర్పడింది, అందులో కనిపించిన అక్షరాలెన్ని, ఊహించి పూరించినవెన్ని అన్న ప్రశ్నలు సాహిత్య విభాగాలలో తక్కువగా వినిపించాయి.

ఈ ప్రశ్నలకు మరొక పార్శ్వం కూడా ఉంది. నేడు ఆధారంగా చూపే శాతవాహన నాణేలలో చాలాభాగం శాస్త్రీయమైన త్రవ్వకాలలో దొరికినవి కావు. దున్నేటప్పుడు నాగలికి తగిలినవి, వానలకు దిబ్బలు కరిగి పైకి తేలినవి, కంసాలి దుకాణానికీ పాత సామాన్ల అంగడికీ చేరినవి, అక్కడి నుంచి అభిరుచితో సేకరించేవారి పెట్టెలలోకి వెళ్ళినవి ఎక్కువ. అందువల్ల నాణేన్ని మొదట గుర్తించే వ్యక్తి సాధారణంగా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాడు, ఒక అభిరుచి సేకర్త. అతడు చేసే గుర్తింపు సరైనదైతే చరిత్రకు ఒక ఆధారం చేరుతుంది. తొందరపాటుదైతే ఒక అపోహ చేరుతుంది. నాణేన్ని గుర్తించే పని స్వభావరీత్యా తాళపత్ర ప్రతులను పరిష్కరించే పని వంటిదేనని, పాఠపరిష్కర్త పాటించే నియమాలే సేకర్తకూ వర్తిస్తాయని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

సేకరణ సంప్రదాయం

తెలుగు ప్రాంతాలలో నాణేల సేకరణ, గ్రంథాల సేకరణ మొదటినుంచీ కలిసే నడిచాయి. కాలిన్ మెకంజీ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో కైఫీయతులను, శాసన ప్రతులను సేకరించిన సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలిసినదే. అదే సేకరణలో నాణేలూ ఉన్నాయి. 1828లో హెచ్.హెచ్. విల్సన్ ప్రకటించిన వివరణాత్మక పట్టికలో వాటి సంఖ్య 6,218గా నమోదైంది. కైఫీయతులను తెలుగువారు పదే పదే చదివారు. నాణేలవైపు అంతగా చూడలేదు.

బ్రాహ్మీ లిపి రహస్యం విడిపోవడంలో కూడా నాణేలకు ప్రధాన పాత్ర ఉంది. 1836లో క్రిస్టియన్ లాసెన్ గ్రీకు, బ్రాహ్మీ లేఖలు రెండూ ఉన్న అగథోక్లిస్ నాణేన్ని సరిపోల్చి రాజు పేరు చదివాడు. మరుసటి ఏడాదే జేమ్స్ ప్రిన్సెప్ లిపిని పూర్తిగా ఛేదించాడు. తెలిసిన భాషను ఆధారం చేసుకొని తెలియని లిపిని చదివే ఈ పద్ధతికి నాణెం చక్కగా ఒదిగింది. ఒకే పేరు బొమ్మవైపు ఒక లిపిలోనూ బొరుసువైపు మరొక లిపిలోనూ ఉండడమే దానికి కారణం.

మద్రాసు ప్రభుత్వ ఉద్యోగిగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ అమరావతి శిల్పాలతో పాటు దక్షిణ భారత నాణేలను కూడా సేకరించాడు. ఉద్యోగ బాధ్యతల నడుమ అభిరుచిగా సాగించిన ఆ కృషి ఫలితం 1886లో వెలువడిన దక్షిణ భారత నాణేల గ్రంథం. 1908లో ఇ.జె. రాప్సన్ బ్రిటిష్ మ్యూజియం కోసం ఆంధ్ర రాజవంశ, పశ్చిమ క్షత్రప నాణేల సూచీని సిద్ధం చేసేనాటికి అతని ముందున్న సామగ్రిలో ఇటువంటి సేకర్తల పెట్టెల నుంచి వచ్చినది గణనీయంగా ఉంది. శాతవాహన నాణేల అధ్యయనం అభిరుచి సేకరణ పునాదిపై లేచినదని చెప్పడం అతిశయోక్తి కాదు. ఆ పునాదిలోని బలహీనతలు కూడా ఆ అధ్యయనానికి వారసత్వంగా సంక్రమించాయి.

అక్షరానికి ముందు

నాణెం చేతికి రాగానే దానిపై అక్షరాలు వెతకడం సేకర్తల సహజ ప్రవృత్తి. గుర్తింపు క్రమం అలా మొదలుకాకూడదు. తాళపత్ర ప్రతిని పరిశీలించేవారు ముందుగా ఆకుల కొలత, పంక్తుల సంఖ్య, లేఖన ధోరణి, ప్రతి స్థితి నమోదు చేసి, ఆ తరువాతనే పాఠంలోకి వెళతారు. నాణేనికి కూడా లోహం, తూకం, కొలత, తయారీ పద్ధతి అనే నాలుగు అంశాలు ముందుగా నమోదు కావాలి.

శాతవాహనులు సీసం, రాగి, పోటిన్, వెండి లోహాలలో నాణేలు వేయించారు. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిసిన మిశ్రలోహం. తూర్పు దక్కనులో సీసపు నాణేలు విస్తారం. అవి చేతికి బరువుగా తగులుతాయి, గోటికి సైతం గీత పడేంత మెత్తగా ఉంటాయి, తడి తగిలిన చోట తెల్లని పొడి పూస్తుంది. భారతదేశంలో సీసం లేదని, ముత్యాలూ రత్నాలూ ఇచ్చి దానిని తెచ్చుకొనేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ మాటలో అత్యుక్తి ఉన్నప్పటికీ, చిల్లర నాణేలకు సీసాన్ని ఇంత ధారాళంగా వాడిన రాజ్యంలో లోహపు రాకపోకల ప్రశ్న ముఖ్యమైనదే. విదర్భ ప్రాంతంలో పోటిన్ నాణేలు ఎక్కువ. అందుచేత లోహం గుర్తిస్తే నాణెం ఏ ప్రాంతానికి చెందినదో స్థూలంగా ఊహించడానికి వీలు కలుగుతుంది.

తూకం రెండవ సాక్షి. శాతవాహనుల వెండి రాజముఖ నాణెం సుమారు 2 గ్రాములు తూగుతుంది. పశ్చిమ క్షత్రపుల వెండి నాణెం కూడా దాదాపు అంతే. ఈ సామ్యం యాదృచ్ఛికం కాదు. క్షత్రపుల నాణేలు చెలామణిలో ఉన్న అంగళ్ళలోనే తమ నాణెం కూడా చెల్లాలని శాతవాహనులు భావించారని అది తెలియజేస్తుంది. అంతకు పూర్వపు విద్ధాంక నాణేల తూకం వేరు. వాటిలో ఎక్కువభాగం సుమారు 3.4 గ్రాముల ప్రమాణానికి చెందినవి, వాటిపై లేఖ ఉండదు, చిహ్నాలు ఒక్కొక్కటీ విడివిడి ముద్రలతో కొట్టి ఉంటాయి. చిన్న త్రాసు సరిగా వాడగలిగిన సేకర్తకు లిపి తెలియకపోయినా ఈ రెండింటి మధ్య తేడా తెలిసిపోతుంది.

చిహ్నాల సాక్ష్యం

చిహ్నాలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఉజ్జయినీ చిహ్నం. ఒక అడ్డగీత, ఒక నిలువుగీత ఖండించుకోగా నాలుగు కొనలలో నాలుగు వలయాలు ఉండడం దీని రూపం. దీని తరువాత మూడు లేదా అంతకంటె ఎక్కువ కమానులు పేర్చినట్లుండే కొండ గుర్తు. కొందరు దీనిని చైత్యమన్నారు, మరికొందరు పర్వతమన్నారు. ఏనుగు, సింహం, గుర్రం, ఎద్దు, ప్రాకారంలో చెట్టు, తూర్పు తీరంలో దొరికే సీసపు నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ తరచుగా కనిపించే ఇతర బొమ్మలు.

ఇక్కడ పొరపాటుకు అవకాశం ఎక్కువ. ఉజ్జయినీ చిహ్నం కనిపించినంత మాత్రాన ఆ నాణెం శాతవాహనులదని నిర్ణయించరాదు. ఆ చిహ్నానికి పేరు ఇచ్చిన ఉజ్జయినిలోని స్థానిక నాణేలపైనే అది ముందునుంచి ఉంది. ఏనుగు బొమ్మ అనేక రాజ్యాల నాణేలపై ఉంది. చిహ్నం ఒక్కటే అయితే అది కావ్యంలోని వర్ణన వంటిది, ఒక కవి సొంతం కాదు. తొండం ఎత్తిన ఏనుగు ఒకవైపు, ఉజ్జయినీ చిహ్నం మరొకవైపు ఉండి, లోహం పోటిన్ అయి, దొరికిన చోటు విదర్భ అయినప్పుడు ఆ నాలుగింటి కలయిక మాత్రమే ప్రమాణానికి దగ్గరవుతుంది. గుర్తింపులో ఏ ఒక్క లక్షణం నిర్ణాయకం కాదని, లక్షణాల కలయికే నిర్ణాయకమని సేకర్త మొదటి పాఠంగా గ్రహించవలసి ఉంటుంది.

లేఖ, గ్రంథపాతం

శాతవాహన నాణేలపై లేఖ సాధారణంగా ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో అంచు వెంబడి గుండ్రంగా సాగుతుంది. షష్ఠీ విభక్తిలో రాజు పేరు ఉంటుంది. 'రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస' అంటే రాజైన వాసిష్ఠీపుత్ర శ్రీ పులుమావిది, అనగా ఆ రాజు వేయించిన నాణెమని అర్థం. చదవడంలోని ఇబ్బంది భాష వల్ల కలిగేది కాదు, బిళ్ళ పరిమాణం వల్ల కలిగేది. ముద్ర దిమ్మెపై చెక్కిన వృత్తం కంటె లోహపు బిళ్ళ చిన్నదిగా ఉండడం చేత లేఖ అంతా నాణెంపై పడదు. ఒక నాణెంపై పదాదిన ఉన్న మూడు అక్షరాలు, మరొక నాణెంపై పదాంతంలోని నాలుగు అక్షరాలు మాత్రమే మిగులుతాయి. ప్రాచీన గ్రంథ పరిష్కర్తలు చుక్కలు పెట్టి 'ఇచట గ్రంథపాతము' అని సూచించే స్థితి నాణెంపై దాదాపు నిత్యమైనది.

ఈ లోపాన్ని పూరించే తీరులోనే సేకర్త వివేకం తేలుతుంది. ఉదాహరణకు '...తకణిస' అనే నాలుగు అక్షరాలు మాత్రమే మిగిలిన నాణేన్ని తీసుకొనవచ్చు. ఇది 'సాతకణిస' అన్నదానిలోని చివరి భాగమని చెప్పడంలో ఇబ్బంది లేదు. ఏ శాతకర్ణి అన్నది మాత్రం తేలదు. ఆ పేరు ఆ వంశంలో అనేకులకు ఉంది. మాతృనామం మిగిలినా సందేహం తీరదు. గౌతమీపుత్రులుగా శాతకర్ణి, యజ్ఞశ్రీ శాతకర్ణి ఇద్దరూ ప్రసిద్ధులు. వాసిష్ఠీపుత్రులలో పులుమావి, శాతకర్ణి ఉన్నారు. అయినప్పటికీ ఇటువంటి నాణేలు అంగడిలోనూ సేకర్తల పట్టికలలోనూ గౌతమీపుత్ర శాతకర్ణి పేరుతోనే ఎక్కువగా చెలామణి అవుతాయి. ప్రసిద్ధి గల కవికి అజ్ఞాత కర్తృకాలైన చాటువులను అంటగట్టడం తెలుగు సాహిత్య చరిత్రలో ఎంత సహజంగా జరిగిందో, ప్రసిద్ధి గల రాజుకు అస్పష్టమైన నాణేలను అంటగట్టడం కూడా అంత సహజంగా జరిగింది.

అక్షర రూపాలలోని పోలిక మరొక చిక్కు. బ్రాహ్మీలో ప, స, హ మూడూ అడుగున వంపు తిరిగే అక్షరాలు. వంపు నుంచి లోపలికి గాని బయటికి గాని పొడుచుకువచ్చే చిన్న గీతే వాటి మధ్య భేదం. అరిగిన నాణెంపై ముందుగా మాసిపోయేది ఆ చిన్న గీతే. అందువల్ల ఒక్క నాణెంపై ఒక్కసారి కనిపించిన రూపాన్ని ఆధారం చేసుకొని కొత్త పేరునో కొత్త ధ్వనిమార్పునో ప్రతిపాదించడం సాహసమే అవుతుంది.

లోపాల మధ్య నుంచి సైతం నిక్కమైన జ్ఞానం లభించడానికి 1939లో విదర్భలోని తర్హాళ గ్రామంలో బయటపడిన పోటిన్ నాణేల రాశి మంచి నిదర్శనం. వి.వి. మిరాశి వాటిని పరిశీలించి ప్రకటించాడు. పురాణాల వంశావళులలో కనిపించని కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి, శక శాతకర్ణి అనే పేర్లు ఆ నాణేలవల్ల తెలిశాయి. ఒకే రాశిలో, ఒకే రకం నాణేలు పెద్ద సంఖ్యలో ఉండడం చేతనే ఆ పాఠాలకు బలం చేకూరింది. ఆ రాశి నుంచి ఒక్కొక్క నాణెం వేర్వేరు చేతులకు చెదరిపోయి ఉంటే ఆ పేర్లు ఏవీ నిలిచేవి కావు.

ముద్ర దిమ్మె అనే మాతృక

గ్రంథ పరిష్కరణలో ప్రతుల సంఖ్య కంటె ప్రతుల పరస్పర సంబంధం ముఖ్యం. ఒకే మాతృకకు పుట్టిన పది ప్రతులు ఒక్క సాక్ష్యంతో సమానం. నాణేలలో ఈ మాతృక స్థానాన్ని ముద్ర దిమ్మె ఆక్రమిస్తుంది. ఒకే దిమ్మెతో కొట్టిన నాణేలలో ప్రతి అక్షరం ఒకే కోణంలో, చిహ్నానికి ఒకే దూరంలో ఉంటుంది. దిమ్మెకు పగులు వచ్చి ఉంటే ఆ పగులు గీత కూడా నాణేలన్నిటిపైనా ఒకే చోట ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. కాని దెబ్బ కొట్టినప్పుడు బిళ్ళ అటూ ఇటూ జరిగినందువల్ల ఒక నాణెంపై లేఖలోని కుడిభాగం, మరొకదానిపై ఎడమభాగం పడి ఉంటాయి. ఒకే దిమ్మెకు చెందినవని రుజువైన నాణేలను పక్కపక్కన చేర్చి చూస్తే లేఖ పూర్తవుతుంది. ఇది ఊహతో చేసిన పూరణ కాదు, సాక్ష్యంతో చేసిన పూరణ.

ఈ పద్ధతి సేకర్తలకు ఒక విలువైన సూచన ఇస్తుంది. ప్రదర్శనకు పనికివచ్చే నిండైన నాణెం ఒక్కటి కంటె, అంగడిలో విలువలేని అరిగిన నాణేలు ఇరవై ఎక్కువ విషయం చెప్పగలవు. వాటికి ఏటవాలు వెలుతురులో రెండువైపులా ఛాయాచిత్రాలు తీయడం, అక్షరాల స్థానాన్ని గడియారపు అంకెల ప్రకారం నమోదు చేయడం, కనిపించిన అక్షరాన్ని ఒక విధంగాను ఊహించిన అక్షరాన్ని కుండలీకరణంలోను రాయడం అనే మూడు అలవాట్లు చాలు. ఇవి పరిష్కర్త పీఠికలో ప్రతుల వివరణ వంటివి.

1906లో నాసిక్ సమీపంలోని జోగల్‌తంబిలో బయటపడిన వెండి రాశి ఈ దృష్టికి పరాకాష్ఠ. అందులో పదమూడు వేలకు పైగా నహపానుని నాణేలు ఉన్నాయి. దాదాపు మూడింట రెండు వంతుల నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించాడు. కొత్త ముద్ర కింద నహపానుని ముఖం, గ్రీకు, బ్రాహ్మీ, ఖరోష్ఠీ అక్షరాలు తొంగిచూస్తూ ఉంటాయి. ఒక పాఠంపై మరొక పాఠం రాసిన ప్రతి వంటిది ఇది. విజేత పాఠం పైన ఉంది, పరాజితుని పాఠం కింద ఉంది. రెండూ చదివినప్పుడే ఎవరు ఎవరి తరువాతివారో నిశ్చయమైంది. కింది అక్షరాలను 'మచ్చలు'గా భావించి తోమివేసి ఉంటే దక్కను చరిత్రలో ఒక ముఖ్యమైన పౌర్వాపర్య నిర్ణయానికి ఆధారం పోయేది.

కోటిలింగాల: దొరికిన చోటు కూడా పాఠమే

తాళపత్ర ప్రతికి ప్రాప్తిస్థానం ఎంత ముఖ్యమో నాణేనికి దొరికిన చోటు అంతకంటె ముఖ్యం. తెలుగు ప్రాంతంలో దీనికి కోటిలింగాలను మించిన ఉదాహరణ లేదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న ఈ గ్రామంలో స్థానిక చరిత్రాభిమానులు నేలపై దొరికిన నాణేలను ఏరి భద్రపరిచారు. అవి పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి శాసన పండితుల దృష్టికి రావడంతో పరిస్థితి మారింది. గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప వంటి పేర్లు ఆ నాణేలపై కనిపించాయి. వీరిలో ఎవరూ పురాణాలలోని శాతవాహన వంశావళిలో లేరు. వీటితోపాటు చిముక సాతవాహనుని పేరు గల నాణేలు కూడా లభించాయి. అనంతరం రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో అక్కడ త్రవ్వకాలు జరిపింది.

శాతవాహనుల తొలి నివాసం ఏదన్న వివాదంలో ఈ నాణేలు కొత్త అధ్యాయాన్ని తెరిచాయి. నానేఘాట్, నాసిక్ శాసనాల ఆధారంగా పశ్చిమ దక్కను అన్నవారు, మ్యాకదోని శాసనంలోని 'సాతవాహనిహార' ఆధారంగా బళ్ళారి ప్రాంతం అన్నవారు అంతకుముందే ఉన్నారు. కోటిలింగాల తరువాత గోదావరీ తీర తెలంగాణ పక్షం బలపడింది. నాణెంపై ఉన్న చిముకుడు, నానేఘాట్ శిల్పపు పేరుపట్టికలోని సిముకుడు ఒక్కరేనా అన్న చర్చ సాగింది. కర్ణాటకలోని కనగనహళ్ళి స్తూపం వద్ద దొరికిన శాసనాలలో కూడా 'సిరి చిముక సాతవాహన' అనే పేరును చదవడంతో నాణెంపై పాఠానికి మరొక తోడు దొరికింది.

ఇక్కడ తర్క క్రమాన్ని గమనించాలి. బంగారు, వెండి నాణేలు వ్యాపారంతో దూరదేశాలకు పోతాయి. రాజరాజ నరేంద్రుని పేరు, పాలనా సంవత్సరం తెలుగు-కన్నడ లిపిలో అంచున విడివిడి ముద్రలుగా కొట్టి, నడుమ వరాహ చిహ్నం ఉన్న పలుచని బంగారు నాణేలు అరకాన్ తీరంలోని చెదుబా దీవిలోనూ సయాంలోనూ దొరికాయి. నన్నయను ఆదరించిన రాజు అరకాన్‌ను పాలించాడని ఎవరూ అనరు. తూర్పు తీరపు సముద్ర వ్యాపారానికి ఆ నాణేలు సాక్ష్యమని అంటారు. దొరికిన చోటు నమోదైంది కనుకనే ఆ మాట అనగలుగుతున్నారు. సీసం, రాగి నాణేల విషయం వేరు. వాటి లోహవిలువ స్వల్పం, అవి సాధారణంగా చెలామణి అయిన ప్రాంతం దాటి దూరం పోవు. ఒకే గ్రామంలో వరుసగా పలువురు రాజుల తక్కువ విలువ నాణేలు దొరకడం ఆ చోటు వారి అధికార పరిధిలో ఉందనడానికి బలమైన ఆధారం. అయితే ఈ వాదనకంతటికీ మూలం ఆ నాణేలు కోటిలింగాలవి అన్న ఒక్క వాక్యం. స్థానిక సేకర్తలు ఆ వాక్యాన్ని భద్రపరిచారు. అదే నాణేలు మూటగట్టి నగరపు అంగడికి చేరి ఉంటే గోభదుడు, సమగోపుడు ఊరులేని పేర్లుగా మిగిలేవారు.

రెండు భాషల వెండి నాణెం

శాతవాహనుల వెండి రాజముఖ నాణెం తెలుగు భాషా చరిత్రకు ప్రత్యక్షంగా సంబంధించినది. బొమ్మవైపు రాజు ముఖం, చుట్టూ ప్రాకృత లేఖ ఉంటాయి. బొరుసువైపు ఉజ్జయినీ చిహ్నం, కొండ గుర్తు, వాటి చుట్టూ మరొక లేఖ ఉంటాయి. ఈ రెండవ లేఖ ద్రావిడ భాషలో ఉంది. పులుమావి నాణెంపై బొమ్మవైపు 'రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస' అని ఉండగా, బొరుసువైపు పాఠాన్ని పండితులు 'అరహణకు వాహిట్టి మకణకు తిరు పులుమావికు' అని చదివారు. 'రఞో'కు 'అరహణ', 'పుత'కు 'మకణ', 'సిరి'కి 'తిరు', 'స' విభక్తికి 'కు' సమానంగా నిలిచాయి. 1969లో ఆర్. పన్నీర్‌సెల్వం ఈ ద్విభాషా నాణేలను చర్చించాడు. ఆర్. నాగస్వామి ఆ భాషను తమిళంగా భావించాడు. తెలుగు పరిశోధకులలో కొందరు దీనిని ప్రాచీన తెలుగుగా, కనీసం తెలుగుకు సన్నిహితమైన దేశభాషగా పరిగణించారు.

ఈ వివాదంలో ప్రతి వాదం నాణెంపై ఉన్న ఒక్కొక్క అక్షరంపై ఎలా ఆధారపడి ఉందో పరిశీలించడం అవసరం. మొదటిది 'మకణ'. కుమారుడనే అర్థంలో 'మకన్' తమిళంలో నేటికీ ఉంది. తెలుగులో ఆ అర్థానికి 'కొడుకు' రూఢమైంది. సజాతీయమైన 'మగఁడు' పురుషుడు, భర్త అనే అర్థాలలో నిలిచింది. ఈ పదం తమిళ పక్షానికి అనుకూలంగా కనిపిస్తుంది. అయితే క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో తెలుగులో ఆ పదానికి ఏ అర్థం ఉందో నిర్ణయించడానికి సమకాలిక తెలుగు వాక్యం ఒక్కటీ లేదు. తరువాతి అర్థాన్ని వెనక్కి మోయడం నిర్దుష్టమైన వాదం కాదు.

రెండవది 'కు' ప్రత్యయం. ఇది తమిళ, తెలుగు భాషలు రెండింటిలోనూ ఉన్న చతుర్థీ ప్రత్యయం. తమిళంలో ఇది 'క్కు' అని ద్విత్వంతో ఉంటుందని, నాణెంపై ఒకే కకారం ఉందని, కనుక ఇది తెలుగేనని వాదించవచ్చు. కాని నాటి ప్రాకృత లేఖన సంప్రదాయంలో ద్విత్వాన్ని ఒకే హల్లుతో రాయడం సాధారణం. కాబట్టి ఒకే కకారం రాసినంత మాత్రాన ఒకే కకారం పలికారని చెప్పలేము. మరోవైపు అదే లేఖలో 'వాహిట్టి' అని ద్విత్వంతో చదివినవారున్నారు. ఆ పాఠం నిలిస్తే ఈ లేఖకుడు ద్విత్వం రాసేవాడేనని అంగీకరించాలి, అప్పుడు ఒంటి కకారానికి విలువ పెరుగుతుంది. ఒక భాషాశాస్త్ర వాదం మొత్తం చిటికెనవేలి గోటిలో పదో వంతుకు మించని ఒక అక్షరపు స్పష్టతపై నిలిచి ఉంది.

మూడవది సకార హకారాల మార్పు. ప్రాకృతంలోని 'సాతకణి' బొరుసువైపు 'హాతకణి'గాను, 'వాసిఠి' 'వాహిట్టి'గాను కనిపించడం ధ్వనిపరిణామమా, అక్షర భ్రమా అన్న సందేహం సహజం. బ్రాహ్మీలో స, హ పోలిక ముందే చెప్పినట్లు దగ్గరిది. ఒక్క నాణెంపై మాత్రమే కనిపిస్తే దానిని భ్రమగా తోసిపుచ్చవచ్చు. వేర్వేరు పదాలలో, వేర్వేరు రాజుల దిమ్మెలలో అదే మార్పు పునరావృతమైనప్పుడు దానిని భాషాంశంగా స్వీకరించవలసి ఉంటుంది. ఈ నిర్ణయానికి దిమ్మెల సంఖ్య తెలియాలి. దిమ్మెల సంఖ్య తెలియాలంటే నాణేల ఛాయాచిత్రాలు పోల్చడానికి అందుబాటులో ఉండాలి.

ఈ పరిశీలన వల్ల తేలేది ఏమిటి? రెండవ శతాబ్దంలో దక్కను రాజు తన నాణెంపై ప్రాకృతంతో సమాన స్థానం ఇచ్చి ఒక ద్రావిడ భాషను రాయించాడన్నది నిశ్చయం. దేశభాషకు రాజముద్ర దక్కిన ఘట్టంగా దాని విలువ అసామాన్యం. దానికి తెలుగనో తమిళమనో పేరు పెట్టడానికి నేడు ఉన్న పాఠం చాలదు. ఆ లేఖ ఏ ప్రాంతపు ప్రజలను ఉద్దేశించిందో తెలిస్తే వాదం ముందుకు సాగుతుంది. అందుకు దొరికిన చోట్ల నమోదు కావాలి. 1882లో భగవాన్‌లాల్ ఇంద్రజీ సోపారా స్తూపాన్ని త్రవ్వినప్పుడు దొరికిన యజ్ఞశ్రీ వెండి నాణేనికి ఒక చిరునామా ఉంది. అంగడి నుంచి వచ్చిన వాటికి అది లేదు. భాషాభిమానంతో తీర్పు ప్రకటించడం వల్ల తెలుగుకు ప్రాచీనత పెరగదు. చిరునామా గల నాణేలు పెరిగితే అవకాశం పెరుగుతుంది.

సేకర్త బాధ్యతలు

పై చర్చను బట్టి అభిరుచి సేకర్త చేయవలసినవీ చేయరానివీ స్పష్టమవుతాయి. నాణేన్ని చింతపండుతోనో నిమ్మరసంతోనో తోమడం మన ఇళ్ళలో పరిపాటి. ఇత్తడి బిందెకు అది మెరుగు, రెండు వేల ఏళ్ళ నాణేనికి అది నాశనం. ఆమ్లం తుప్పుతో పాటు తుప్పు పొరలో నిలిచిన అక్షరపు అంచును కూడా తినివేస్తుంది. సీసపు నాణేలకు ఈ హాని మరింత ఎక్కువ. వాటిని తాకిన తరువాత చేతులు కడుక్కోవడం ఆరోగ్యరీత్యా కూడా అవసరం.

నకిలీలను గుర్తించడంలోనూ పరిష్కర్త దృష్టి ఉపకరిస్తుంది. అసలు నాణేన్ని మూసలో ఒత్తి పోతపోసిన నకిలీలలో అంచున అతుకు గీత, ఉపరితలంపై సన్నని బుడగల గుంటలు, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తాయి, తూకం తేడాగా ఉంటుంది. దిమ్మెతో కొట్టిన రెండు నాణేలు అక్షరాలలో ఒకేలా ఉన్నా బిళ్ళ ఆకారంలోనూ అరుగుదలలోనూ ఒకేలా ఉండవు. అక్షరంతో పాటు గీత, గుంట, అంచు విరుపు కూడా రెండింటిలో ఒకేచోట ఉంటే కనీసం ఒకటి నకిలీ అయి తీరాలి. లేఖకుని తప్పును కూడా యథాతథంగా మోసే ప్రతి ఏ మాతృకకు పుట్టిందో పరిష్కర్త కనిపెట్టే తీరు ఇదే.

చట్టపరమైన బాధ్యత కూడా ఉంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపాన్ని కనుగొన్నవారు జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన నాణేలను పురావస్తువులుగా పరిగణించి, వ్యక్తులు వాటిని దేశం దాటించడాన్ని నిషేధించింది. ఈ నియమాలు తెలియనందువల్ల గాని, భయం వల్ల గాని కనుగొన్నవారు దొరికిన చోటును దాచిపెట్టడం, వ్యాపారి తప్పుడు ఊరు చెప్పడం జరుగుతూ ఉంది. చట్టం రక్షించదలచిన సమాచారమే ఆ విధంగా మొదట నష్టమవుతుంది. గ్రామస్థాయిలో నాణేన్ని గుర్తించి, చోటును నమోదు చేసి, అధికారులకు చేర్చే మధ్యవర్తిగా శిక్షణ పొందిన సేకర్త నిలబడగలిగితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది.

ఉపసంహారం

శాతవాహన నాణేల గుర్తింపులో లోహం, తూకం, తయారీ, చిహ్నం, లేఖ, దొరికిన చోటు అనే ఆరు అంశాలు ఒకదానికొకటి సాక్ష్యమిస్తాయి. వీటిలో మొదటి ఐదు నాణెంలోనే ఉంటాయి, ఎన్నేళ్ళ తరువాతనైనా తిరిగి పరీక్షించవచ్చు. ఆరవది కనుగొన్న వ్యక్తి జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది, రాసిపెట్టకపోతే ఆ వ్యక్తితోనే పోతుంది. కోటిలింగాల నాణేలు చరిత్రగా మారడానికీ, ద్విభాషా వెండి నాణేలలో అనేకం నేటికీ వివాదంగా మిగలడానికీ గల తేడాలో ఈ ఆరవ అంశానిది పెద్ద పాలు.

తెలుగు విభాగాలకు ఇందులో నేరుగా కర్తవ్యం ఉంది. ప్రతులను పోల్చడం, పాఠాంతరాలను తూచడం, గ్రంథపాతాన్ని గ్రంథపాతంగానే చూపడం ఈ విభాగాలు తరతరాలుగా నేర్పుతున్న విద్య. బ్రాహ్మీ లిపి పరిచయాన్ని ఆ విద్యకు జోడించి, జిల్లాలలోని సేకర్తల వద్ద ఉన్న నాణేల లేఖలను కనిపించినవి కనిపించినట్లుగా, ఊహించినవి ఊహించినట్లుగా, దొరికిన ఊరి పేరుతో సహా నమోదు చేయించడం ఒక పరిశోధక బృందానికి సాధ్యమయ్యే పనే. తెలుగు లిఖిత చరిత్రలోని తొలి పుటకు కొత్త అక్షరాలు చేరవలసి ఉంటే, అవి అటువంటి సాధారణమైన, అరిగిపోయిన నాణేలను శ్రద్ధగా చదవడం వల్లనే చేరే అవకాశం ఎక్కువ.